మోటారు సైకిలుకు బయటి సీటు బిగించుకోవడం: కొండ దారుల్లో తిరిగేవారికి సమగ్ర మార్గదర్శి

బయటి సీటు అంటే బండితో పాటు కంపెనీ ఇచ్చినది కాక, విడిగా కొని పెట్టుకునే సీటు. అటువంటి మోటారు సైకిలు సీటును చాలామంది పైనుంచి చూసి కొంటారు. రెక్సిన్ రంగు, కుట్టు వరసలు, చేత్తో నొక్కితే తెలిసే మెత్తదనం నచ్చితే డబ్బు చెల్లించి తెచ్చుకుంటారు. బండి మీద సీటును నిలబెట్టేవి మాత్రం దాని కింద ఉంటాయి. ముందువైపు నాలుకలా పొడుచుకొచ్చిన కొక్కెం, అడుగున ఛాసిస్ (బండి చట్రం) గొట్టాల మీద ఆనే రబ్బరు దిమ్మలు, వెనుక భాగాన్ని పట్టి ఉంచే బోల్టులు లేదా లాకు కమ్మీ, వీటన్నిటినీ మోసే సీటు ప్లేటు సరిగా లేకపోతే ఎంత ఖరీదైన ఫోము వేసినా ఆ సీటు పనికిరాదు. అందుకే ఈ వ్యాసం కొనుగోలు నుంచి బిగింపు వరకు ప్రతి దశలోనూ సీటును ముందు తిరగేసి చూడమని చెబుతుంది.

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్, జయపురం ప్రాంతాల్లో బండి నడిపేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్‌కు ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి మీదనైనా, రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా వెళ్లే 326వ నంబరు రహదారి మీదనైనా దిగుడు దారిలో బ్రేకు పట్టిన ప్రతిసారీ ముందు కూర్చున్నవారి బరువు, వెనుక కూర్చున్నవారి బరువు కలిసి సీటును ట్యాంకు వైపు నెడతాయి. ఊళ్లోకి వెళ్లే గతుకుల దారిలో అదే బరువు ఎగిరి పడుతూ సీటు ప్లేటును కొడుతుంది. చదునైన పట్నం రోడ్డు మీద ఏళ్ల తరబడి బయటపడని బిగింపు లోపం ఇక్కడ ఒక్క వానాకాలంలోనే బయటపడుతుంది.

అసలు సీటు మార్చాలా?

నడుము నొప్పికి, తిమ్మిరికి కారణం ప్రతిసారీ సీటే కాదు. టైర్లలో గాలి కంపెనీ సూచించిన దానికన్నా ఎక్కువగా ఉన్నా, వెనుక షాక్ అబ్జార్బర్లు బిగుసుకుపోయినా, వాటి స్ప్రింగు సర్దుబాటు ఇద్దరి బరువుకు పెట్టి ఒక్కరే తిరుగుతున్నా గతుకు నేరుగా వెన్నుకు తగులుతుంది. ముందు వీటిని సరిచూసి, ఒక వారం నడిపి, ఆ తరువాత సీటు సంగతి ఆలోచించడం మంచిది.

సీటే కారణమని తేలితే మరో ప్రశ్న మిగులుతుంది. కంపెనీ సీటు ప్లేటు పగలకుండా, వంగకుండా ఉండి, ఫోము మాత్రమే కుంగిపోయి ఉంటే, అదే ప్లేటు మీద కొత్త ఫోము, కొత్త రెక్సిన్ వేయించుకోవడమే ఉత్తమమని నా అభిప్రాయం. కొక్కెం, దిమ్మలు, లాకు అన్నీ ఆ బండికోసం చేసినవే కాబట్టి బిగింపులో సందేహానికి తావుండదు. సీటు ఆకారమే మారాలనుకునేవారు, అంటే వెడల్పు పెంచాలన్నా, ముందుకు జారే వాలు తగ్గించాలన్నా, వెనుక కూర్చునేవారికి చదునైన జాగా కావాలన్నా, అటువంటివారు బయటి సీటు కొనడంలో అర్థముంది. ప్లేటు పగిలిపోయినవారికి వేరే మార్గమూ లేదు.

ఎంపిక

బండి పేరు ఒక్కటే చెప్పి సీటు అడగకూడదు. తయారీ సంవత్సరం, ఆర్‌సీలో ఉన్న మోడలు వివరం తప్పనిసరిగా చెప్పాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే పొగ కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చినప్పుడు చాలా బండ్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్, దానికి తగిన వైరింగు వచ్చి చేరాయి. కొన్నింటిలో సీటు కింద సామాను అమరికే మారిపోయింది. పేరు అదే ఉన్నా పాత సీటు ప్లేటు అడుగు కొత్త బండిలోని వైర్ల గుత్తిని నొక్కవచ్చు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇందుకు మంచి ఉదాహరణ. 2021 సెప్టెంబరులో అది పూర్తిగా కొత్త ఛాసిస్‌తో వచ్చింది కనుక, అంతకుముందు క్లాసిక్ కోసం చేసిన సీటు దానికి సరిపోతుందని అనుకోకూడదు.

తరువాత చూడవలసినది ఎత్తు. స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350 ఎత్తు 805 మిల్లీమీటర్లు. బయటి సీటు మందం పెరిగితే ఈ అంకె పెరుగుతుంది. అయితే అంకెలో కనిపించని పెరుగుదల మరొకటి ఉంది. సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకు విచ్చుకుంటాయి, దానితో పాదాలు నేలకు అందడం ఇంకా కష్టమవుతుంది. పొట్టివారు కేవలం ఎత్తు కొలత చూసి మోసపోయేది ఇక్కడే. ఘాట్ మలుపులో, ఏటవాలుగా ఉన్న చోట బండి ఆపవలసి వచ్చినప్పుడు లోయ వైపు కాలు నేలకు ఆనకపోతే బండి ఒరిగిపోతుంది. కాబట్టి వెనుక వెడల్పుగా, ట్యాంకు దగ్గర సన్నగా ఉండే సీటునే ఎంచుకోవాలి.

సీటు వాలు గురించి మరికొంత చెప్పాలి, ఎందుకంటే కొండ దారిలో సుఖదుఃఖాలను నిర్ణయించేది ఇదే. సీటు పైభాగం ట్యాంకు వైపు వాలి ఉంటే దిగుడు దారిలో శరీరం ముందుకు జారుతూనే ఉంటుంది. ఆ జారుడును ఆపడానికి చేతులు హ్యాండిల్‌ను నెడతాయి, మణికట్లు, భుజాలు పట్టేస్తాయి, హ్యాండిల్ తేలికగా తిరగడం కూడా తగ్గుతుంది. నునుపైన రెక్సిన్ ఈ బాధను రెట్టింపు చేస్తుంది. బండి సెంటర్ స్టాండు మీద ఉన్నప్పుడు కాదు, రెండు చక్రాలూ నేల మీద ఉండి మనిషి కూర్చున్నప్పుడు, కూర్చునే చోటు చదునుగా గానీ కాస్త వెనక్కు వాలి గానీ ఉండాలి. పైన గరుకు రెక్సిన్ ఉంటే ఇంకా మంచిది.

ఫోము విషయంలో మెత్తదనం చూసి మురిసిపోకూడదు. మనం కూర్చున్నప్పుడు బరువంతా పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. మరీ మెత్తని ఫోము ఆ ఎముకల కింద అణగిపోయి, అరగంట గడిచేసరికి వాటిని ప్లేటుకు ఆనిస్తుంది. దుకాణంలోనే సీటును నేల మీద పెట్టి, ఒక మోకాలు ఆనించి, శరీరం బరువంతా దాని మీద మోపి చూడండి. మోకాలికి ప్లేటు గట్టిదనం తగిలితే ఆ ఫోము చాలదు. దుకాణదారులు 40 డెన్సిటీ, 50 డెన్సిటీ అంటూ చెప్పే అంకె ఘనమీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందో చెబుతుంది. అది ఎక్కువైతే ఫోము సాధారణంగా ఎక్కువ కాలం ఆకారం నిలుపుకుంటుంది. గట్టిదనం మాత్రం వేరే లక్షణం, దాన్ని మోకాలితోనే తేల్చుకోవాలి. జెల్ పొర ఉన్న సీటు ఎండలో నిలిపితే వేడెక్కి ఆ వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. మెమరీ ఫోము ఎండకు మెత్తబడి, కోరాపుట్ డిసెంబరు చలికి గట్టిపడుతుంది.

వెనుక కూర్చునేవారు

మన ఇళ్లలో చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే అమ్మలు, అత్తలు ఉంటారు. వారికి వెనుక సీటు చదునుగా, అంచులు గట్టిగా ఉండాలి. మధ్యలో గుంటలా దిగిన స్పోర్ట్స్ సీటు మీద ఒక పక్కకు కూర్చుంటే శరీరం అంచు మీదకు ఒరిగి, మలుపులో పట్టు తప్పే ప్రమాదం ఉంది. కొత్త సీటు వెడల్పు పెరిగి వెనుక కూర్చున్నవారు పట్టుకునే పక్క గ్రాబ్ రెయిలును కప్పేస్తున్నదేమో, వీపు దిండు ఉన్న సీటైతే వెనుక రెయిలును తీసేయమంటున్నదేమో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ చట్టం కూడా మాట్లాడుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ప్రకారం వెనుక కూర్చునే వ్యక్తి, నడిపేవారి సీటు వెనుక గట్టిగా బిగించిన సరైన సీటు మీదే కూర్చోవాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం ప్రకారం ఇద్దరు ఎక్కే బండికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో చిక్కకుండా వెనుక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి. కాబట్టి సీటు కోసం చీర గార్డును గానీ రెయిలును గానీ తీసి పక్కన పెట్టడం కుదరదు. ఇద్దరి సీటు తీసి ఒక్కరి సీటు పెట్టేవారు ఇంకో సంగతి గమనించాలి. ఆర్‌సీలో నమోదైన వివరాలు తయారీదారు పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని 52వ సెక్షను నిషేధిస్తుంది, సీటింగు సామర్థ్యం ఆ వివరాల్లో ఒకటి. ఆకారం, ఫోము మారినంత మాత్రాన ఈ చిక్కు రాదు. కూర్చునేవారి సంఖ్య మారితే వస్తుంది.

సీటు ఇంటికి వచ్చాక

విజయనగరం నుంచి తెచ్చినా, బరంపురంలో కొన్నా, పార్సిల్‌లో వచ్చినా, బండి దగ్గరకు తీసుకుపోయే ముందు పాత సీటునూ కొత్త సీటునూ పక్కపక్కన బోర్లించాలి. అందుకు పాత సీటు విప్పాలి కనుక ముందుగా ఆ పని చెబుతాను.

బండిని చదునైన చోట సెంటర్ స్టాండు మీద నిలిపి, ఇంజను చల్లారనివ్వండి. తాళంతో తెరుచుకునే సీటైతే ఒక చేత్తో వెనుక భాగాన్ని కిందికి నొక్కి పట్టి మరో చేత్తో తాళం తిప్పాలి, అప్పుడు కమ్మీ మీద ఒత్తిడి తగ్గి లాకు సులువుగా వదులుతుంది. బోల్టుల సీటైతే ముందు సైడు ప్యానెళ్లు తీయవలసి రావచ్చు. ఎం6 బోల్టుకు (మర వ్యాసం 6 మిల్లీమీటర్లు) సాధారణంగా 10 నంబరు స్పానరు, ఎం8 బోల్టుకు (8 మిల్లీమీటర్లు) 12 లేదా 13 నంబరు స్పానరు పడుతుంది. అలెన్ బోల్టులైతే వరుసగా 5, 6 నంబరు అలెన్ కీలు కావాలి. తుప్పు పట్టిన బోల్టును బలవంతంగా తిప్పితే తల అరిగిపోతుంది. తుప్పు వదిలించే నూనె చల్లి పావుగంట ఆగి, ముందు కాస్త బిగించే దిశలో కదిపి, ఆ తరువాత విప్పాలి. సీటు రెండు ముక్కలుగా ఉన్న బండ్లలో తరచుగా వెనుక ముక్క తీస్తేనే ముందు ముక్క బోల్టులు కనబడతాయి. విప్పే ప్రతి దశలోనూ ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచుకోండి, బోల్టులను, వాషర్లను ఒక స్టీలు గిన్నెలో వేయండి.

బోల్టులు వచ్చాక సీటును నిట్టనిలువుగా పైకి లాగకూడదు. వెనుక భాగాన్ని కొద్దిగా ఎత్తి, సీటు మొత్తాన్ని తోక వైపు జరిపితే ముందు కొక్కెం దాని గూటిలోంచి బయటికి వస్తుంది. పైకి లాగితే ఆ కొక్కెమే విరుగుతుంది.

ఇప్పుడు రెండు సీట్లనూ బోర్లించి టేపుతో కొలవండి. కొక్కెం కొన నుంచి లాకు కమ్మీ వరకు లేదా బోల్టు రంధ్రాల వరకు ఉన్న దూరం రెండింటిలోనూ ఒకటే ఉండాలి. కొక్కెం మందం, వెడల్పు కూడా కలవాలి. రబ్బరు దిమ్మలు ఎన్ని ఉన్నాయి, ఏ చోట ఉన్నాయి, ఎంత ఎత్తున్నాయి అనేది ఒక్కొక్కటిగా పోల్చాలి. కొత్త ప్లేటును చదునైన గచ్చు మీద పెట్టి ఎదురెదురు మూలలు నొక్కితే ఊగకూడదు, ఊగితే అది అచ్చులోనే వంకరపోయిందన్నమాట. ప్లాస్టిక్ ప్లేటు అయితే బోల్టు రంధ్రాలలో ఇనుప గొట్టపు బుష్షులు ఉన్నాయా అని చూడండి. బిగింపు ఒత్తిడిని మోసేది ఆ బుష్షే. అది లేకుండా బోల్టు బిగిస్తే ప్లాస్టిక్ నలిగి, కొన్ని నెలలకు రంధ్రం చుట్టూ పగులు పడుతుంది. పాత సీటు బుష్షులు, దిమ్మలు బాగుంటే విప్పి కొత్తదానికి పెట్టుకోవచ్చు. రెక్సిన్ పిన్నులు ప్లేటు అంచు చుట్టూ దగ్గరదగ్గరగా ఉండాలి, ఏ పిన్ను కొనా బయటకు పొడుచుకుని ఉండకూడదు, ఎందుకంటే దాని కిందే వైర్లు పోతాయి.

దూరం కలవకపోతే, ప్లేటు వంకరగా ఉంటే సీటును వాపసు చేయండి. రంధ్రాన్ని ఫైలుతో పొడవు చేసి బిగించుకుందామనే మాట ఎవరు చెప్పినా వినవద్దు.

బండి వైపు పని

సీటు తీసిన చోటును ఒకసారి శ్రద్ధగా చూడండి. పొడి గుడ్డతో మట్టి తుడవండి. ధాన్యం నిలవచేసే ఇళ్లలో నిలిపే బండ్లలో ఎలుకలు సీటు కింద గూడు కట్టి వైర్ల తొడుగు కొరుకుతాయి కాబట్టి ప్రతి వైరునూ వేలితో తడిమి చూడాలి. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ మీద ఎర్ర రబ్బరు తొడుగు తప్పకుండా ఉండాలి. కొత్త సీటుకు ఇనుప రేకు ప్లేటు ఉంటే ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. గతుకులో రేకు వంగి ఆ టెర్మినల్‌కు తగిలితే షార్టై నిప్పు పుడుతుంది. తొడుగు పోయి ఉంటే కొత్తది వేయకుండా ముందుకు వెళ్లవద్దు.

బిగించకుండా చేసే పరీక్ష

పనిలో అతి ముఖ్యమైన దశ ఇదే కనుక దీనికి తగినంత సమయం కేటాయించండి. బోల్టులు పెట్టకుండా కొత్త సీటు కొక్కేన్ని గూటిలోకి జొనిపి, వెనుక భాగాన్ని దించండి. కొక్కెం బ్రాకెట్ కిందికి వెళ్లిందా, దాని మీద కూర్చుందా అనేది పక్కనుంచి టార్చి వేసి చూడాలి. పైకి చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి, మీద కూర్చున్నది మాత్రం మొదటి గతుకుకే ఎగిరిపోతుంది. సీటు ముక్కు ట్యాంకుకు గట్టిగా ఒరుసుకోకూడదు, ఒరుసుకుంటే రంగు పోతుంది, ట్యాంకు కంపనం సీటుకు పాకుతుంది.

తరువాత సీటును మళ్లీ తీసి, ప్రతి రబ్బరు దిమ్మ అడుగుకు తడిపిన ముగ్గుపిండి గానీ కుంకుమ గానీ పూయండి. సీటును దాని చోట పెట్టి, మీద ఒకరిని కూర్చోబెట్టి, జాగ్రత్తగా తీసి ఛాసిస్ గొట్టాల మీద పడిన ముద్రలు చూడండి. అన్ని దిమ్మల ముద్రలూ పడితే బరువు సమంగా పంచబడుతున్నట్టు. ఒక దిమ్మ ముద్ర పడకపోతే ఆ దిమ్మ గాలిలో ఉంది, దాని వాటా బరువు మిగతా వాటి మీద, చివరికి ప్లేటు మీద పడుతుంది. తేడా స్వల్పమైతే ఆ దిమ్మ కింద సరిపడా మందమున్న గట్టి రబ్బరు ముక్క అతికించవచ్చు. ప్లేటు నేరుగా ఇనుము మీద ఆనుతున్నట్టు గుర్తులు కనబడితే దిమ్మలు ఎత్తు చాలవని అర్థం.

వైర్ల సంగతి తేల్చడానికి చపాతీ పిండి ముద్ద చాలు. చిన్న ముద్దలను పాలిథీన్ కవరు ముక్కలో చుట్టి, బ్యాటరీ పైన, ఫ్యూజు పెట్టె పైన, వైర్ల గుత్తి ఎత్తుగా ఉన్న చోటా ఉంచి సీటు దించి, ఇద్దరు ఎక్కి కూర్చుని దిగండి. ముద్ద ఎంత మందం మిగిలిందో అంత ఖాళీ ఉన్నట్టు. ఐదు మిల్లీమీటర్లకు తగ్గకుండా మిగిలితే నిశ్చింతగా ఉండవచ్చు. కాగితంలా పలచబడితే వైర్ల గుత్తిని కంపెనీ పెట్టిన క్లిప్పుల్లోనే మరింత లోపలికి సర్ది మళ్లీ పరీక్షించాలి. వైర్లను కిందికి తోసి వెనుక మడ్‌గార్డు పక్కనుంచి తిప్పడం ప్రమాదకరం, షాక్ అబ్జార్బర్లు పూర్తిగా అణగినప్పుడు టైరు వాటిని కోసేస్తుంది.

బిగింపు

అన్నీ సరిపోయాక కొక్కెం జొనిపి, అరచేత్తో సీటును ముందుకు నెట్టి పట్టి, రెండు వైపుల బోల్టులనూ వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు తిప్పండి. వేళ్లతో తిరగని బోల్టు మర మీద సరిగా ఎక్కలేదని అర్థం, స్పానరు వేస్తే మర చెడుతుంది. రెండూ ఎక్కాక కొంచెం కొంచెంగా, ఒకదాని తరువాత ఒకటి బిగించండి. సర్వీసు పుస్తకంలో ఎంత బిగించాలో ఉంటే అదే ప్రమాణం. లేకపోతే ఎం6 బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు (టార్క్ రెంచితో కొలిచే బిగింపు బలం), ఎం8 బోల్టుకు సుమారు 20 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. ఊడి వచ్చే స్వభావమున్న బోల్టుకు నీలం రంగు థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేయవచ్చు, ఎర్రది వేస్తే మళ్లీ విప్పడం కష్టం. లాకు సీటైతే నొక్కినప్పుడు టక్కుమని శబ్దం రావాలి, తరువాత తోక దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగి, పక్కలకు ఊపి చూడాలి. లాకులో ఒక చుక్క నూనె వేయడం మరవకండి.

ఇప్పుడు ఇద్దరు కూర్చుని బండిని కిందికీ పైకీ నొక్కండి. కిర్రుమనే శబ్దం వస్తే అది ఎక్కడినుంచో కనిపెట్టాకే బయలుదేరాలి. కూర్చునే ఎత్తు మారింది కనుక అద్దాలు సరిదిద్దుకోండి. బ్రేకు, క్లచ్ లీవర్ల కోణం మణికట్టుకు తిన్నగా ఉందో లేదో చూసుకోండి. మొదట ఒంటరిగా, తెలిసిన చదును దారిలో నడిపి, తరువాత ఇద్దరుగా, ఆపైనే ఘాట్ దారికి వెళ్లడం మంచి క్రమం. సుమారు వంద కిలోమీటర్ల తరువాత బోల్టులను మళ్లీ ఒకసారి స్పానరుతో సరిచూడాలి, కొత్త రబ్బరు దిమ్మలు అణగి బిగింపు కాస్త వదులవుతుంది.

వానాకాలం, ఎండాకాలం

బయటి సీట్లలో నీరు చొరబడేది ఎక్కువగా కుట్టుల గుండా. పైన కుట్టు వరసలు ఎన్ని ఎక్కువ ఉంటే నీటికి అన్ని దారులు. తడిసిన ఫోము బరువెక్కి, వాసన వచ్చి, పిన్నులను తుప్పు పట్టిస్తుంది. జూన్‌కు ముందే కుట్టుల వెంట నీరు దిగని పూత వేయించుకోవడం, లేదా రెక్సిన్ వేసేటప్పుడే ఫోము మీద పలచని పాలిథీన్ పొర వేయించుకోవడం మేలు. ప్లేటు అడుగున నీరు బయటికి పోయే రంధ్రాలుంటే వాటిని మూయకూడదు. నల్ల రెక్సిన్ సీటును ఎండలో నిలపవలసి వస్తే ఒక గుడ్డ కప్పండి, కిరోసిన్, పెట్రోలుతో మాత్రం తుడవవద్దు, రెక్సిన్ గట్టిపడి పగులుతుంది.

విప్పిన కంపెనీ సీటును పారేయకండి. బాగా ఆరబెట్టి, దానికి చెందిన బోల్టులు, బుష్షులు, వాషర్లను ఒక సంచిలో వేసి ఆ ప్లేటుకే కట్టి, ఎలుకలు చేరని చోట ఉంచండి. బండి అమ్మేటప్పుడైనా, కొత్త సీటు ప్లేటు పగిలి మరొకటి వచ్చేదాకానైనా అది కావలసి వస్తుంది, పాత బోల్టుల పొడవు కొత్త వాటితో కలవకపోవచ్చు కాబట్టి రెంటినీ ఒకే గిన్నెలో కలపకూడదు.